తెల్ల పొత్తిమట్టి

టర్కీ కొండల మధ్య మా అక్పునార్‌లో ఎముకలు కట్టేవాడు బతకలేడు. కొండ అవతలి డెరెకోయ్ నుంచి ఒకాయన వచ్చి సంత దారిలో కొట్టు పెట్టాడు. చలికాలమంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, మంచు కరగకముందే మూటాముల్లె సర్దుకుని పోయాడు. గడ్డకట్టిన మంచు మీద జారిపడ్డ ముసలమ్మలు కూడా లేచి, సల్వారు దులుపుకుని, ఆ మంచునే నాలుగు తిట్లు తిట్టి ఇంటికి పోయే ఊరు. అక్కడ వాడి కట్లు ఎవడికి కావాలి?

దీనికంతటికీ తెల్లవూటే కారణమని అందరికీ తెలుసు. ఊరి పైన బండల సందులోంచి వస్తుంది ఆ నీరు. ప్రవహించినంత మేరా రాళ్ళ మీద సుద్ద పూసినట్టు తెల్లటి చార ఒకటి వదిలిపోతుంది. తాగితే నాలుక చివర సబ్బు తగిలినట్టు ఉంటుంది. మనుషులకి మంచిదే, ద్రాక్షతీగలకి మాత్రం పడదు. పొరపాటున తీగ మొదట్లో పోశారా, కొన్నాళ్ళకే ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడిపోతాయి. అంచు నుంచి లోపలికి, ఎవరో వరసగా కొరుక్కుంటూ వచ్చినట్టుగా. అందుకే ఊళ్ళోకి కాపురానికి వచ్చిన పిల్లకి, ఇంకా ముసుగైనా తియ్యకముందే చెప్పే మొదటి మాట ఒకటుంది: మనుషులకి ఊట, తీగలకి వాగు.

జెలిహా కూడా ఆ మాట విన్నది పెళ్ళిముసుగులోంచే. ఆమె పుట్టిల్లు డెరెకోయ్. అక్కడ నీళ్ళు తియ్యన, మనుషులు వంకర అని అక్పునార్ వాళ్ళ ఎకసెక్కం. ఎకసెక్కమే గాని అబద్ధం కాదు. జెలిహా తల్లి నడివయసుకే కొడవలిలా వంగిపోయింది. చివరి రోజుల్లో, ఇవాళ మబ్బు పట్టిందా లేదా అన్నది కూతుర్ని అడిగి తెలుసుకునేది. ఆ నడుము జెలిహా కళ్ళల్లో ఉండిపోయింది. అందుకే అత్తవారింట్లో అందరూ మొహం చిట్లించి తాగే నీళ్ళని ఆమె మందులా, మొక్కులా తాగింది. అరవై దాటాక కూడా వీపు చువ్వలా నిలబెట్టి, గొంతుక్కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేచేది. చెల్లెలు కెజ్బాన్ కర్ర పొడుచుకుంటూ చూడ్డానికి వచ్చినప్పుడల్లా కుళ్ళుకునేది.

"నీకేమే, జిన్నుకి అమ్ముడుపోయావు. నాకన్నా ముందు పుట్టి నా కూతురిలా నడుస్తున్నావు."

"జిన్నూ లేదు, గిన్నూ లేదు. ఆ నీళ్ళు తాగవే అంటే వాంతొస్తుందని పారిపోతివి. ఇప్పుడు అనుభవించు."

"సబ్బునీళ్ళు ఎవరు తాగుతారే?"

"నడుం కావాలో నాలుక కావాలో తేల్చుకో మరి."

ఇలా నవ్వులాటగా అనేది గాని, ఆ తెల్లదాని మీద జెలిహాకి ఉన్నది నవ్వులాట నమ్మకం కాదు. నమాజులో నుదురు నేలకి ఆనించి మళ్ళీ లేచిన ప్రతిసారీ మోకాళ్ళు సరిగ్గా మాట వినడం చూసి, ఆ నమ్మకం ఇంకాస్త గట్టిపడేది.

ఊళ్ళో ఆమె పని కాన్పులు చెయ్యడం. దానికి మించిన పని పొత్తిమట్టి తయారుచెయ్యడం. పుట్టిన బిడ్డని ఉత్త గుడ్డలో చుట్టడం మా వాళ్ళకి తెలియదు. మెత్తటి మట్టి తవ్వి తెచ్చి, ఎండబెట్టి, గుర్రపు వెంట్రుకల జల్లెడలో జల్లించి, పెనం మీద వేయించి, ముంజేతికి వెచ్చగా తగిలేదాకా చల్లార్చి గుడ్డ మీద పరుస్తారు. దాని మీద బిడ్డని పడుకోబెట్టి గట్టిగా చుట్టేస్తారు. తడి అంతా మట్టే పీల్చుకుంటుంది. తడిసిన మట్టి తీసి తీగ మొదట్లో పోస్తే తీగకి ఎరువు. బిడ్డ హాయిగా నిద్రపోతుంది, తల్లి చలినీళ్ళలో గుడ్డలు ఉతుక్కునే బాధ తప్పుతుంది. ఎవరు జల్లించినా మట్టి మట్టే అని మగవాళ్ళు అనుకుంటారు. ఆడవాళ్ళని అడగండి. జెలిహా జల్లించిన మట్టి మీద బిడ్డని వేస్తే వెన్న మీద వేసినట్టు ఉండేదని ఇప్పటికీ చెబుతారు.

వాగు గట్టున గోధుమరంగు మన్ను ఉండేది. తరతరాలుగా అందరి బిడ్డలూ ఆ మట్టి మీదే పెరిగారు. తరవాత గని వచ్చింది.

పట్నం నుంచి వచ్చినవాళ్ళు కొండకి చిల్లులు పొడిచి చూశారు. కింద ఉన్నదంతా తెల్లరాయేనని, దానికి దేశదేశాల్లో గిరాకీ అని చెప్పారు. మందుగుండు పేలినప్పుడల్లా అరల్లో టీ గ్లాసులు గలగలమనేవి. వాగు గట్టున ఆ మన్ను ఉన్న చోటు గని కంచె లోపలికి పోయింది. కొండ ఉన్న చోట పెద్ద గొయ్యి మిగిలింది, ఆ గోతిలో నీరు ఊరింది. ఆ నీటి రంగు అంతకుముందు మేమెవ్వరం చూసినది కాదు. నీలమూ కాదు, పచ్చా కాదు, రెండూ కలిసి వెలిగే రంగు. దాని ఒడ్డున గడ్డి మొలవలేదు. పిట్టలు దాని మీదుగా ఎగిరేవి గాని దిగేవి కావు. మేకలు ఒడ్డుదాకా వెళ్ళి ఆగిపోయేవి. గాలి ఆడని మధ్యాహ్నాల్లో తెల్లటి దుమ్ము ఊరి మీదకి దిగి, ఇళ్ళ కప్పులు, కుక్కలు, మనుషుల కనుబొమలు అన్నీ ఒకే రంగుకి తిరిగేవి. అప్పుడు ఊళ్ళో చప్పుడు కూడా తగ్గిపోయేది. ఎందుకో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు.

జెలిహా కొత్త మట్టి వెతుక్కోవలసి వచ్చింది. గని బయట పోసిన కుప్పల మీద, వాన కురిసి ఎండ కాస్తే, తెల్లటి పిండి పేరుకునేది. వేళ్ళ మధ్య నలిపి చూస్తే జల్లించకముందే జల్లించినట్టుంది. అది తెల్లవూటలో ఉన్న తెల్లదే కదా, ఊట దగ్గర రాళ్ళ మీద మిగిలేదే కదా అనుకుంది. నీళ్ళలో కంటికి కనిపించనంత ఉంటేనే మనిషి నడుము చువ్వలా నిలబెడుతోంది. ఇక బిడ్డ పుట్టీ పుట్టగానే దాని మీదే పడుకుంటే ఎముకలు ఇనుమైపోవూ? ఎవరికీ తట్టని మాట తనకి తట్టిందని ఆమె పొంగిపోయింది. మొదటి బిడ్డని ఆ మట్టి మీద వేశారు. వాసన లేదు, ఒరుపు లేదు, ఈగ వాలలేదు. ఊరంతా జెలిహా అవ్వ పిండి కోసం గిన్నెలు పట్టుకొచ్చింది.

ఆ రోజుల్లోనే ఊరికి ఆరోగ్యకేంద్రం నర్సుగా నెర్మిన్ అనే పిల్ల వచ్చింది. సముద్రతీరం పిల్ల, బూట్లకి దుమ్మంటితే ఏడుపొకటే తక్కువ. ఒకసారి పొత్తిగుడ్డ విప్పి చూసి ముక్కు విరిచింది.

"ఉడికించిన గుడ్డ చాలదా అవ్వా? మట్టెందుకు పసిబిడ్డకి?"

"నువ్వు ఎన్ని కాన్పులు చేశావమ్మాయ్?"

"నాలుగు."

"నేను పురుడు పోసిన పిల్లలు నీకు పెళ్ళికొడుకులయ్యే వయసులో ఉన్నారు. వెళ్ళి నీ సూదులు ఉడకబెట్టుకో."

ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు. నెర్మిన్ ఎర్రబడి వెళ్ళిపోయింది. ఆమె చెప్పినదాంట్లో సగమైనా వినివుంటే ఈ కథ చెప్పుకోవలసిన అవసరం ఉండేది కాదు.

మొదట పోయింది హూరియె కొడుకు కెరీమ్. హూరియె పక్కవీధి కోడలు, నెమ్మదైన పిల్ల, తొలికాన్పు. బిడ్డ పుట్టి పది రోజులు దాటింది. పొద్దున పాలు తాగాడు, మధ్యాహ్నానికి మూలగడం కూడా మానేశాడు. గుడ్డలు విప్పి చూస్తే ఒళ్ళంతా మరుగునీళ్ళలో ముంచి తీసినట్టు ఎర్రగా ఉంది. అరచేతుల తోలు ఉల్లిపొరలా లేచింది. సాయంత్రానికి ప్రాణం పోయింది.

ఎర్రగా ఉందంటే ఇంకేముంది. ఆ దయ్యం పేరు నోటితో అనరు, ఎర్రామె అంటారు. జడలు విరబోసుకుని, బాలింతల ఇళ్ళ చుట్టూ తిరిగే ఆమె. నలభై రోజులు నిండేదాకా తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకూడదు. తల్లి తలకి ఎర్ర రిబ్బను, దిండు కింద ఇనుప ముక్క, గడప దగ్గర చీపురు ఉండాలి. ఒక్క క్షణం ఏమరితే ఎర్రామె లోపలికొస్తుంది. మనిషి లోపలి కార్జం పెరుక్కుని నీళ్ళ దగ్గరికి పరుగెడుతుంది. నీళ్ళలో ముంచిందంటే ఇక ఆ ప్రాణం తిరిగి రాదు. పాతకాలంలో ఏ వాగులో ముంచేదో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఇప్పుడు చెప్పడానికి అందరికీ ఒక చోటు దొరికింది, గోతిలో ఆ వెలిగే నీళ్ళు.

"ఎక్కడికి పోయావే బిడ్డనొదిలి?" అని అడిగింది హూరియె అత్త, శవం ఇంకా ఇంట్లో ఉండగానే.

"పెరట్లోకే అత్తా. బట్టలు ఆరేసి వచ్చా. అంతే."

"బట్టలకి ఉన్న విలువ బిడ్డకి లేకపోయింది నీ దగ్గర."

ఎవరూ హూరియె వైపు మాట్లాడలేదు. బిడ్డకి స్నానం చేయించి, గుడ్డ చుట్టిన జెలిహా కూడా తల వంచుకుని, "ఇంకాస్త జాగ్రత్తగా ఉండాల్సింది తల్లీ," అంది. ఆ ఇంటి పెరట్లో ద్రాక్షతీగ కూడా ఆ నెలలోనే ఎండిపోయింది. ఎర్రామె దాని కింద కూర్చుని కాచుకుని ఉండి ఉంటుందని, ఆ ఊపిరికే మాడిపోయిందని జనం ఆ గోడ పక్కనుంచి నడవడం మానేశారు.

తరవాత దిగువ వీధిలో ఇంకో ఆడపిల్ల పోయింది, అలాగే ఎర్రబడి. మధ్యలో ఎందరో పిల్లలు అదే మట్టి మీద నిక్షేపంగా పెరిగారు. అదే అందర్నీ తికమకపెట్టింది. ఎర్రామె అందరి ఇళ్ళకీ రాదు, తనకి నచ్చిన ఇంటికే వస్తుంది అనుకున్నారు. జెలిహా మట్టిని రెండుసార్లు జల్లించడం మొదలుపెట్టింది, మీద ఖురాన్‌లోని ఫాతిహా చదివి ఊదేది. భయం పెరిగినకొద్దీ ఆమె పిండికి గిరాకీ కూడా పెరిగింది.

హూరియె నిద్రపోవడం మాత్రం ఎవరూ చూడలేదు. కళ్ళ కింద నీలంగా గుంటలు పడ్డాయి. ఎవరింట్లో కాన్పయినా పిలవకుండానే వచ్చి గుమ్మం బయట నిలబడేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు, ఊయల వంక చూస్తుండేది. రెప్పవేస్తే ఎర్రామె ఆ సందులోంచి దూరిపోతుందన్నట్టు. కొన్నాళ్ళకి ఆమె కనిపిస్తే బాలింతలు కొంగులో బిడ్డని దాచుకోసాగారు. ఎండ నడినెత్తిన ఉన్న వేళ గోతి ఒడ్డున ఎవరో ఆడమనిషి నిలబడి నీళ్ళలోకి చూస్తోందని, ఒళ్ళంతా తెల్లగా ఉందని గొర్రెలవాళ్ళు చెప్పారు. అది హూరియేనని, దుమ్ము పడి తెల్లబడిందని ఊరికి తెలుసు. తెలిసినా ఆ మాట వినగానే అందరికీ వెన్ను జలదరించేది.

జెలిహా కొడుకు ఇల్యాస్ గనిలో పనివాడు. వాడి భార్య గుల్సెరెన్ ఆ వేసవిలో ఆడపిల్లని కన్నది. పిల్లకి సెల్వి అని పేరు పెట్టింది జెలిహానే. సెల్వి అంటే సరుగుడు లాంటి చెట్టు, దానిలా నిటారుగా ఎదగాలని. తన తల్లి నడుము తన మనవరాలికి రాకూడదన్నది ఆమె మొక్కు. ఆ పిల్ల కోసం కుప్ప మీది పిండిలో కూడా నడిమధ్యది, గాలి తగలనిది ఏరి తెచ్చింది. పెరట్లో కొత్తగా నాటిన ద్రాక్షతీగ పందిరి దాకా పాకింది, దానికి కూడా గుల్సెరెన్ రోజూ నీళ్ళు పోస్తోంది. ఎర్రరిబ్బను, ఇనుము, చీపురు, సూదికి గుచ్చిన ఉల్లిపాయ అన్నీ అమర్చి ఉన్నాయి. జెలిహా కోడల్ని ఒక్క అడుగు కూడా ఒంటరిగా వెయ్యనివ్వలేదు.

పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. తొడల సందున ఒరుసుకుని పచ్చిగా అయ్యింది. ఆరుతుందని జెలిహా పొత్తిమట్టి ఇంకా మందంగా పరిచింది, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి మార్చింది. మూడో రోజు పిల్ల ఏడవలేదు. గుల్సెరెన్‌కి అది మంచే అనిపించింది. జెలిహాకి అనిపించలేదు. ఇంట్లో పసిపిల్ల ఉండి కూడా ఇంత నిశ్శబ్దంగా ఉండడం ఆమె ఇదివరకు రెండుసార్లు విన్నది.

ఎండ నిప్పులు చెరుగుతోంది. దుమ్ము దిగుతోంది. వీధిలో ఒక్క చప్పుడు లేదు. జెలిహా వంగి పిల్ల మొహం మీది గుడ్డ తొలగించింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి. మెడ ఎర్రగా ఉంది. చెయ్యి బయటికి లాగి అరచేయి తెరిచి చూసింది. వేళ్ళ దగ్గర తోలు పొరగా లేచింది. పిల్ల చిన్నగా ఎక్కిళ్ళుపెట్టి కక్కింది. ఆ కక్కు తెల్లగుడ్డ మీద పరుచుకుంది, నీలమూ కాదు, పచ్చా కాదు. గోతిలో నీళ్ళ రంగు.

"అత్తా," అంది గుల్సెరెన్, "ముంచేసింది. దాన్ని ముంచేసింది అత్తా."

జెలిహా కాళ్ళు తొలిసారిగా మాట వినలేదు. గోడ పట్టుకుని నిలబడింది. ఏం చెయ్యాలో తెలియలేదు. ఇంకో ఇనుప ముక్క తెద్దామని పెరట్లోకి పరుగెత్తింది. అక్కడ కంచె బయట హూరియె నిలబడి ఉంది, ఎప్పటినుంచి ఉందో. గుల్సెరెన్ కిటికీలోంచి చూసి కేక పెట్టింది.

"రానివ్వకు! దాన్ని లోపలికి రానివ్వకు అత్తా!"

జెలిహా కళ్ళు మాత్రం తీగ మీద ఆగాయి. నిన్నటిదాకా గమనించనే లేదు. ఆకుల అంచులన్నీ మాడి, చుట్టుకుపోయి ఉన్నాయి. ఊరంతటికీ తెలిసిన మాడు అది. భయం నిండినప్పుడు మనిషి దొరికిన దాని మీద అరుస్తాడు. ఆమె కూడా అరిచింది.

"కోడలా! తీగకి ఊట నీళ్ళు పోశావా?"

"లేదత్తా!"

"అబద్ధాలాడకు! ఆకులు చూడు ఎలా మాడాయో! మనుషులకి ఊట, తీగలకి వాగు అని వచ్చిన రోజే చెప్పానా లేదా?"

"అల్లా మీద ఒట్టు, వాగు నీళ్ళే పోశా. పిల్ల కింది మట్టి ఒక్కటే దాని మొదట్లో పోస్తున్నా. తీగకి బలమని నువ్వేగా చెప్పావు!"

జెలిహా వంగి తీగ మొదలు చూసింది.

"మేమూ తీగ మొదట్లోనే పోసేవాళ్ళం," అంది కంచె బయటినుంచి హూరియె. ఎన్ని నెలల తరవాతో ఆమె నోట వచ్చిన మాట అది. గొంతు తుప్పుపట్టినట్టుంది. "కెరీమ్ మట్టంతా అక్కడే పోశా."

జెలిహా లోపలికి వెళ్ళింది. పొయ్యి పక్కన తెల్లపిండి డబ్బా ఉంది. చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. ఇన్నేళ్ళలో ఎన్ని గంపలు జల్లించిందో, ఒక్కసారైనా రుచి చూడలేదు. మట్టిని ఎవరు రుచి చూస్తారు? సబ్బు. తెల్లవూట చుక్కలో దాక్కున్న ఆ సబ్బు రుచే, చెరువంత నీళ్ళు ఇగరబెట్టి ఒక చిటికెలో పెట్టినట్టు. నాలుక మొద్దుబారిపోయింది. గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. ఉల్లిపాయ ఉంది, ఇనుము ఉంది, గడప దగ్గర చీపురు ఉంది. ఎర్రామె గడప దాటి రానేలేదు. తనే గంపలో పెట్టి ఇంటింటికీ మోసింది, మెత్తగా జల్లించి, వెచ్చజేసి, ఫాతిహా చదివి మరీ బిడ్డల కింద పరిచింది.

"విప్పు!" అని అరిచింది. "గుడ్డలన్నీ విప్పు! ఆ మట్టి రవ్వంత కూడా ఒంటి మీద ఉండకూడదు! నీళ్ళు! ఊటవి కాదు, వాగువి!"

బిందె అందుకుని పరుగెత్తింది హూరియె. కంచె తలుపు తీసి లోపలికి ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఆపిన వాళ్ళూ లేరు. మూడుసార్లు వాగుకి పోయి వచ్చింది. జెలిహా నీళ్ళు పోస్తుంటే, ఆ పిల్ల మడతల్లోంచి తెల్లపిండిని కడిగింది హూరియే. తన బిడ్డకి చెయ్యలేకపోయినదంతా ఆ పిల్లకి చేస్తున్నట్టు, ప్రతి వేలి సందూ కడిగింది. తరవాత జెలిహా మనవరాలిని తడిగుడ్డలో చుట్టుకుని, వీధంతా చూస్తుండగా, ఆరోగ్యకేంద్రానికి పరుగెత్తింది. అరవై దాటిన మనిషి అలా పరుగెత్తడం ఇంకో ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

నెర్మిన్ పాత మాటలేవీ ఎత్తలేదు. గని జీపు పట్టుకుని అందర్నీ బాలికెసిర్ పట్నం ఆసుపత్రికి తీసుకుపోయింది. పిల్లకి సూదితో నీళ్ళెక్కించారు. తోలు పాము కుబుసంలా ఊడి, కింద కొత్త తోలు వచ్చింది. కొన్ని రోజులు అటా ఇటా అన్నట్టు గడిచి, ఒక పొద్దున సెల్వి ఆసుపత్రి అదిరిపోయేలా ఏడ్చింది. నడవాలో జెలిహా నేల మీద కూలబడి తనూ ఏడ్చింది.

డాక్టరు చెప్పినది నెర్మిన్ ఆమెకి అర్థమయ్యేలా చెప్పింది.

"నీ నమ్మకం తప్పు కాదవ్వా. దాన్ని బోరాన్ అంటారు. నీళ్ళలో, కాయల్లో, గింజల్లో రవ్వంత ఉంటుంది. అంతే చాలు ఒంటికి. కావలసిన రవ్వ ఎముకల్లో దాచుకుని మిగతాది బయటికి పంపేస్తుంది. కానీ పసిగుడ్డు ఒరుసుకుపోయిన తోలు మీద అంత పోస్తే ఎక్కడికి పోతుంది? లోపలికే పోతుంది. బయటికి పంపే శక్తి ఇంకా దానికి లేదు."

"తోలు పచ్చిగా లేని పిల్లలు బతికారు."

"అవును."

"పచ్చిగా ఉంటే నేను ఇంకా ఎక్కువ వేశాను."



ఊరికి తిరిగొచ్చేసరికి వాకిట్లో ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. ఎర్రామె చేతుల్లోంచి మనవరాలిని లాక్కొచ్చిన మొదటి మనిషి జెలిహా అవ్వేనని అప్పుడే కథ కట్టేశారు. మాషల్లా, మాషల్లా అంటూ చేతులు ముద్దుపెట్టుకోబోయారు. దిగువ వీధి చూలాలు ఒకతె గిన్నె ముందుకి చాచింది.

"నీ మట్టి ఇవ్వవ్వా. సెల్వి కింద వేసిన మట్టే ఇవ్వు. మహత్తు దాంట్లోనే ఉంది."

జెలిహా డబ్బా బయటికి తెచ్చింది. అందరి ముందూ రోడ్డు మీద కుమ్మరించింది.

"ఎర్రామె లేదు, ఏమీ లేదు. ఇదే. బిడ్డల్ని తిన్నది ఇదే. ఇంకెవరూ వాడకండి."

"ముసలిదానికి మతి పోయింది," అంది హూరియె అత్త. "మనవరాలి మీద బెంగతో ఏదేదో వాగుతోంది." కొందరు తల ఊపారు. కొందరు నేల మీది పిండి వంక ఆశగా చూశారు. మనిషికి కళ్ళ ముందున్న పిండికన్నా కనపడని ఎర్రామెని నమ్మడమే తేలిక, తన తప్పు ఉండదు కదా!

హూరియె మాత్రం గుంపు వెనకనుంచి ముందుకొచ్చింది.

"అయితే, నేను బట్టలు ఆరెయ్యడానికి పోయినందుకు కాదన్నమాట."

"కాదు తల్లీ."

"నేను పక్కనే కూర్చునివున్నా పోయేవాడు."

"పోయేవాడు."

హూరియె చాలాసేపు జెలిహా చేతుల వంక చూసింది. తన కొడుకుకి ఆఖరి స్నానం చేయించిన చేతులవి. ఆ మట్టి పరిచినవీ అవే. ఏడుస్తుందని, మీద పడి రక్కుతుందని అందరూ అనుకున్నారు. ఆమె తిరిగి ఇంటికి వెళ్ళి, తలుపు గడియ పెట్టుకుని పడుకుంది. ఆ రోజు, ఆ రాత్రి, మర్నాడు సాయంత్రం దాకా నిద్రపోయిందని, అత్త ఎంత తట్టినా లేవలేదని చెప్పుకున్నారు. జెలిహాతో ఆ తరవాత ఆమె మాట్లాడలేదు.

జెలిహా ఆ రోజే జల్లెడని పొయ్యిలో పెట్టింది. గుర్రపు వెంట్రుకలు కాలిన కంపు వీధి చివరిదాకా వచ్చింది. కాన్పులకి పోవడం మానేసింది. పసిబిడ్డల్ని ముట్టుకోవడం కూడా మానేసింది. సెల్వి దోగాడుతూ వచ్చి ఒళ్ళో ఎక్కితే చేతులు పైకెత్తి కూర్చునేది. నిద్ర ఇప్పుడు ఆమెకి కరువైంది. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు గోతి ఒడ్డున ఎవరో ఆడమనిషి నిలబడి ఉందని గొర్రెలవాళ్ళు మళ్ళీ చెప్పసాగారు. ఈసారి ఆ మనిషి చువ్వలా నిటారుగా ఉందన్నారు. తెల్లవూట నీళ్ళు మాత్రం తాగుతూనే ఉంది, ఊళ్ళో తాగే నీళ్ళంటే అవే. నడుము వంగలేదు, మోకాలు నొయ్యలేదు. కెజ్బాన్ వచ్చి ఎప్పటిలా కుళ్ళుకుంటే ఒకసారి కసురుకుంది.

"ఇచ్చేస్తా, తీసుకోవే ఈ నడుము. వంగి నేల చూసుకుంటూ నడిచే భాగ్యం నీకుంది. నాకు అందరి మొహాలూ కనబడుతున్నాయి."

కెజ్బాన్‌కి ఆ మాట అర్థం కాలేదు. టీ చల్లారిపోతోందని గుర్తుచేసింది.

రెండు వేసవులు గడిచాయి. ఒక మధ్యాహ్నం జెలిహా పెరటి గుమ్మంలో బీన్సు వలుస్తూ కూర్చుని ఉంది. దుమ్ము దిగుతోంది, వీధి నిశ్శబ్దంగా ఉంది. కంచె తలుపు కిర్రుమంది. తలెత్తి చూస్తే హూరియె. తలకి ఎర్ర రిబ్బను. చంకలో తడిబట్టల బుట్ట, రెండో చేతిలో పొత్తిగుడ్డల మూట. కాన్పయిందని జెలిహా విన్నది గాని చూడ్డానికి పోలేదు. పోయే మొహం ఎక్కడిది?

హూరియె పలకరించకుండా వచ్చి ఆ మూటని ఆమె ఒళ్ళో పెట్టింది. జెలిహా చేతులు గాల్లోకి లేచాయి.

"వద్దు తల్లీ! నలభై రోజులన్నా నిండలేదు. నా చేతికి వద్దు. మీ అత్త చూస్తే..."

"బట్టలు ఆరెయ్యాలి," అంది హూరియె. "నీ పెరట్లో ఎండ బాగుంటుంది."

"ఒంటరిగా వదిలి పోకూడదే..."

"ఒంటరిగా ఎక్కడ వదిలా? నువ్వున్నావుగా అవ్వా."

అంటూనే బుట్ట ఎత్తుకుని మూల మలుపు తిరిగి వెళ్ళిపోయింది, వెనక్కి చూడకుండా. జెలిహా ఊపిరి బిగబట్టి కూర్చుంది. మూట కదిలింది. ఆమె చెయ్యి నెమ్మదిగా దిగి, బిడ్డ కిందికి పోయి తడిమింది. గుడ్డే. ఉత్త గుడ్డ, వెచ్చగా, కొంచెం తడిగా ఉంది. బిడ్డ మొహం చిట్లించి, నోరంతా తెరిచి, ఊరు వినేలా ఏడ్చింది. జెలిహా రెండు చేతులా గుండెకి హత్తుకుంది. గోడ అవతల హూరియె ఒక్కో గుడ్డా విదిలించి, తొందరేమీ లేకుండా ఆరేస్తోంది.